స్తంభాల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్తంభాల శాఖ మంత్రివర్యుల సముఖానికి, తమిళనాడులోని పూండి జలాశయం దాపున కాపురముంటున్న తెలుగువాడొకడు చేసుకునే విన్నపం.

అయ్యా, మీ ఆఫీసు ఎక్కడుందో నాకు తెలియదు. అలాంటి శాఖే లేదని మా వార్డు మెంబరు అంటాడు. కరెంటుకు శాఖ ఉంది, టెలిఫోనుకు ఉంది, పంచాయతీకి ఉంది. ఈ ముగ్గురి బరువూ మోసే స్తంభానికే దిక్కు లేదు. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ ఇద్దామంటే పైన ఎవరి పేరు రాయాలో తోచక ఇలా రచ్చకెక్కాను.

మా వీధి చివర, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక స్తంభం ఉంది. నెత్తిన కరెంటు తీగలు. కాస్త కిందికొస్తే సంత మొదలు: కేబుల్ టీవీ వైరు, దాన్ని ఒరుసుకుంటూ ఒక ఫైబరు, ఇంకొకరి ఫైబరు, దుకాణం కట్టేసి పోయినవాళ్ల ఫైబరు. మిగిలిన వైరు చుట్టలు చుట్టలుగా, వాటి మధ్య నల్లటి జాయింటు డబ్బా, దాని మీద పార్టీ జెండా, ట్యూషన్ ప్రకటన. ఫ్యూజు పోతే లైన్‌మ్యాన్ నిచ్చెన ఆనించడానికి జానెడు చోటు లేదు. దారికి అడ్డమొచ్చిన వైరు కోసేసి ఎక్కుతాడు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎక్కేవాణ్ణి నేను తప్పుపట్టను.

తెగిన ఫైబరు అతకడానికి ఇంకో కుర్రాడొస్తాడు. రోడ్డు వారన గొడుగు పాతి కూర్చుంటాడు. వెంట్రుకంత గాజు పోగులు, గుర్తు కోసం నీలం, నారింజ, ఆకుపచ్చ అంటూ రంగుల వరుస. పై పూత ఒలిచి, స్పిరిటుతో తుడిచి, కొస తిన్నగా కోసి, రెండు కొసలూ మిషన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తాడు. లోపల చిన్న మెరుపు మెరిసి గాజు కరిగి ఒకటవుతుంది. కంసాలి పని! ఆ పనంతా అయ్యాక డబ్బాను మళ్లీ అదే స్తంభానికి కట్టుతీగతో బిగించి పోతాడు.

మంత్రిగారూ, ఫైబరులో పరిగెత్తేది వెలుగు. దారిలో దానికి కరెంటు అక్కర్లేదు. ఒక పోగులోని వెలుగును 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కీ అక్కర్లేదు. ఆ కొసన ఒక పెట్టె, ఈ కొసన ఒక పెట్టె ఉన్నాయి చూడండి, కరెంటు కావలసింది వాటికి. కనుక కరెంటు పోతే నెట్ పోతుంది. కరెంటు లేదని ఫిర్యాదు చేయబోతే ఆన్‌లైన్‌లో పెట్టమంటారు. నెట్ లేదని ఫోన్ చేస్తే, ముందు మీ ఇంట్లో కరెంటుందా అని అడుగుతారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు!

డబ్బుకు కొదవా అంటే అదీ కాదు. పల్లెలకు ఫైబరు వేసే కేంద్ర పథకం 2011లో మొదలై భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. 2023లో దాని మెరుగుకే సుమారు 1.39 లక్షల కోట్లు మంజూరు చేశారు. తమిళనాడులో 12,525 గ్రామ పంచాయతీలకు గాజు పోగు చేర్చాలని సంకల్పం. హద్దు దాటితే ఆంధ్రలో 2017లోనే కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగి నెలకు 149 రూపాయలకు ఇచ్చారు. స్తంభం ఎక్కించడం తప్పని నేననను. తవ్వకం ఖర్చు తప్పుతుంది, పని తొందరగా అవుతుంది. ఎక్కించినవాడు తన పేరు చీటీ కట్టి పోవాలి, అంతే.

ఒకే స్తంభం మీద ఉన్నంత మాత్రాన అన్ని ఫైబర్లూ ఒకటి కావు. పెద్ద దూరాలకు వేసేవాటిలో లోహమే లేని రకం ఉంది. ఇళ్లకు లాగే సన్న వైర్లలో కొన్నిటికి బలం కోసం ఉక్కు తీగ చేరుస్తారు. గాజుకు కరెంటు ఎక్కదు, ఉక్కుకు ఎక్కుతుంది. పైన కరెంటు తీగ తెగి దాని మీద పడితే, కింద గుమ్మం దగ్గర వేలాడే కొస ముట్టుకున్నవాడి గతేమిటి? 2016 డిసెంబరులో వర్దా తుఫాను మా జిల్లాలో స్తంభాలను ఎలా కూల్చిందో చూసినవాళ్లం, మాకిది ఊహ కాదు.

పంపకాలు మాకు కొత్త కావు. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి ఇటు వచ్చినప్పుడు ఏ ఊరు ఎవరిదో తేలిపోయింది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు నీళ్ల ఒప్పందం రాసుకున్నాయి. కృష్ణ నీళ్లు కండలేరు నుంచి సుమారు 177 కిలోమీటర్ల కాలువలో పారి 1996లో పూండి చేరాయి. హద్దులో జీరో పాయింటు దగ్గర ఎన్ని క్యూసెక్కులు దాటాయో కొలిచి రాస్తారు. రెండు రాష్ట్రాలు ఒక కాలువకు లెక్క పెట్టుకోగలిగినప్పుడు, మూడు శాఖలు ఒక స్తంభానికి పెట్టుకోలేవా?

ప్రతి వైరుకూ సొంతదారు పేరూ ఫోన్ నంబరూ ఉండాలి. పంచాయతీ ఆఫీసులో ఫైబరు పెట్టెకు బ్యాటరీ, ఆ బ్యాటరీ బాగోగులు చూడటానికి ఒక మనిషి ఉండాలి. ఇవి నిదానంగానైనా చేయించండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. ఆ వానలకు ముందే, దిక్కులేని చచ్చిన వైర్లను మాత్రం మా స్తంభాల మీంచి దింపించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
పూండి వాస్తవ్యుడు