150 సెంటీమీటర్ల నేను

జాకెట్లు కొలవాల్సిన టేపును, ఆశా వర్కర్ సంచిలో పడ్డాను. ముప్పై ఏళ్లు దాటినవాళ్ల కోసం ఇంటింటికీ వెళ్లి జబ్బుల ముప్పు లెక్కగట్టే ఫారం నింపడం ఆవిడ పని, నడుం చుట్టూ తిరగడం నా పని. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల దాకా సున్నా. దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. ఈ పరీక్షలో మార్కులు తక్కువొస్తేనే మేలు. అందుకేనేమో, నన్ను చూడగానే పొట్టలన్నీ లోపలికి పోతాయి.

"ఊపిరి వదులు పిన్నీ, వదిలాకే కొలవాలి."

వదిలింది. 91.

"అదేంటే! పదేళ్లుగా కాటా మీద అదే 62 కిలోలు."

కాటా అబద్ధమాడదు గానీ, సగమే చెబుతుంది. పిన్ని జాకెట్టు చేతులు వదులయ్యాయి, కింద హుక్కు మాత్రం పట్టడం లేదు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. తొడలకు పట్టే కొవ్వు పొట్టలో పేగుల చుట్టూ చేరుతుంది. వయసుతో కండ కరుగుతుంది. తిన్న అన్నం తాలూకు చక్కెరను ఎక్కువగా లాక్కునేది ఆ కండే. మన రెండు రాష్ట్రాలూ గర్భసంచి ఆపరేషన్లలో దేశంలోనే ముందున్నాయి. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే, ఈ కథ ముప్పైల్లోనే మొదలవ్వచ్చు.

తర్వాతి ప్రశ్న: వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదిలే శ్రమ ఉందా? (నా పొడవూ అంతే, సెంటీమీటర్లలో.) పిన్నికి ఒళ్లు మండింది. "తెల్లారి లేస్తే పనే గదా!" మిరప కోతకెళ్లే మనిషినైతే ఈ ప్రశ్న అడగడం నాకూ సిగ్గే. కానీ పిన్ని పని ఇప్పుడు చాలావరకు పీట మీద, సీరియల్ ముందు.

ఆ రాత్రి నుంచి అన్నం తినగానే నడక, మాట్లాడగలిగినా పాట పాడలేనంత జోరుగా. కదిలే కండ ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. నడకొక్కటే కండ పెంచదని వారానికి రెండు రోజులు బరువుల పని కూడా పెట్టింది ఆశా. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్లు నింపిన సీసాలు భుజాల పైకెత్తడం. మొదట్లో మోకాళ్లు నొప్పెట్టి పిన్ని మానేయబోయింది. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాక సర్దుకుంది.

సంక్రాంతి ముందు మళ్లీ చుట్టాను. 87. పిన్ని ముఖం వెలిగింది, వెంటనే కాటా ఎక్కింది. 62.

"ఏం లాభమే, పావు కిలో కూడా తగ్గలేదు!"

ఆశా ఫారం తిప్పి చూపించింది. అందులో బరువుకు గడే లేదు.