వదిన బాక్సు కడితే

మా వదిన పుట్టింది కడపలో, మెట్టింది కర్నూల్లో. రెండూ సీమే కదా, తేడా ఏముంటుందనుకుంటారు బయటివాళ్లు. పొద్దున ఆరున్నరకు మా వంటింటి గడప దగ్గర నిలబడితే తెలుస్తుంది. మా అమ్మ ఉగ్గాని అంటుంది, వదిన కారం దోసె అంటుంది. అమ్మకు బొరుగుల మీదున్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. వదిన లెక్కలో ఎర్రకారం పూయని దోసె దోసే కాదు. తీరా చూస్తే పిల్లల బడి బాక్సుకు రెండూ పనికిరావు. నానిన బొరుగులు మధ్యాహ్నానికి ముద్దయి కూర్చుంటాయి. మూత పెట్టిన దోసె తన ఆవిరికి తానే తడిసి, పంటికి తెగకుండా సాగుతుంది. ఈ సందులోంచే మా ఇంట్లోకి ఫోను దూరింది.

ఇలాంటి తల్లి వీధికొకరు ఉంటారు, మీకూ తెలిసే ఉంటుంది. పొయ్యి వెలిగించే ముందు యూట్యూబు వెలిగిస్తారు. ఫ్రిజ్ మీద వారం పట్టిక అంటిస్తారు. అది మంగళవారం దాటి అమలైన దాఖలా ఉండదు. బడి గేటు దగ్గర ఇంకో తల్లి కనిపిస్తే బాగున్నారా అనే కంటే ముందు 'ఈ పొద్దు ఏం పెట్టినారు?' అని అడుగుతారు. జవాబు పూర్తిగా వినరు, తాము పెట్టింది చెప్పడానికే ఆ ప్రశ్న.

మా వదిన ఇంకో మెట్టు పైన. ఒక సంక్రాంతి సెలవుల్లో జపాను తల్లులు కట్టే బాక్సులు ఫోన్లో చూసింది. సెలవులు అయిపోగానే అన్నంతో ఎలుగుబంటిని చేసింది. కండ్లకు నల్లద్రాక్ష, ముక్కుకు నల్లనువ్వులు, చెవులకు క్యారెట్టు. సోనా మసూరి పొడిపొడిగా ఉంటుంది కాబట్టి ఎలుగుబంటి నిలవదని, ఆ రోజు అన్నం కావాలనే మెత్తగా వండింది. చిన్నది దాన్ని తినకుండా సాయంత్రం దాకా కాపాడి, ఇంటికి తెచ్చి 'అమ్మా, దీనికి పేరు పెట్టినా' అంది. అప్పటికే అది పులిసింది. పారబోస్తుంటే పిల్ల ఏడ్చిన ఏడుపు పక్కింటికి వినపడింది.

ఒకసారి బ్రకోలీ కావాలంది. సి.క్యాంపు రైతుబజారంతా తిరిగి మా అన్న మటిక్కాయలు తెచ్చినాడు. 'రెండూ పచ్చగానే ఉన్నాయి గదా' అన్నది ఆయన వాదన. వదిన ఆ మటిక్కాయలకే చీజు తురిమి బాక్సులో పెట్టింది.

చిరుధాన్యాల కథ వేరే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అంది. లోకమంతా డిసెంబరు 31న ముగిసిన ఆ సంవత్సరం మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. కొర్ర ఇడ్లీ, కొర్ర పొంగనాలు, కొర్ర పులావు. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది అనే కొర్ర రకం తెచ్చిందని ఎక్కడో చదివి, మనూరి పంట మనం తినకపోతే ఎవరు తింటారని దబాయించింది. అమ్మకు ఒళ్లు మండింది. 'చిన్నప్పుడంతా కొర్రన్నమే తింటిమి. 83లో రామారావు రెండు రూపాయల బియ్యం ఇచ్చినాంక గదా తెల్లన్నం మొగం చూసింది. మళ్లా అవే కొర్రలు తెచ్చి నా నెత్తిన పెడ్తాంది!' రాగిసంగటిని వదిన ఉసిరికాయలంత ఉండలు చేసి, పుట్నాల పొడిలో దొర్లించి పంపిన రోజు పెద్దోడి జేబు బరువుగా ఉందని బడి ఆయమ్మ గమనించింది. ఆ తర్వాతి విచారణ వివరాలు ఇక్కడ అనవసరం.

అట్లని ఆమెకు చేతగాదని కాదు. పెరుగన్నం విషయంలో వదినకు దండం పెట్టాల్సిందే. ఫిబ్రవరి దాటితే కర్నూలు ఎండకు పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసి పిల్లలు ముక్కు మూసుకుంటారు. వదిన మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి మూత పెడుతుంది. అది బడిలోనే తోడుకుంటుంది. గంట కొట్టేసరికి కమ్మగా ఉంటుంది. అంతటితో ఆగితే ఆమె మా వదినే కాదు. పైన దానిమ్మ గింజలతో పిల్లవాడి పేరు రాస్తుంది.

అసలు ఘట్టం సాయంత్రం. పిల్లలు బూట్లు విప్పకముందే బాక్సు విప్పుతుంది. వాసన చూస్తుంది. మూత రబ్బరు ఊడదీసి కింద ఏముందో చూస్తుంది. ఒకనాడు పనీరు చుట్టిన చపాతీలు పంపితే, ఖాళీగా వచ్చిన బాక్సు మూలన ఒక ఆవగింజ, సగం కరివేపాకు, అడుగున పసుపు మరక కనిపించాయి. వదిన మొహం మారింది. 'మనం ఆవాలు వెయ్యలేదే!'

పెద్దోడు నిజం కక్కినాడు. తరగతిలో ఒక పిల్లవాడు రోజూ నిమ్మకాయ చిత్రాన్నం తెస్తాడట. శనక్కాయ విత్తనాలు దండిగా వేసిన చిత్రాన్నం. దానికోసం పిల్లలు వరుస కడతారట. వదిన చపాతీలకు అక్కడ మారకం విలువ రెండు గరిటెలు మాత్రమేనట.

వదిన మరుసటి రోజే ఆ తల్లిని బడి గేటు దగ్గర పట్టుకుని కిటుకు అడిగింది. 'ఏముందక్కా, పొద్దున టైము దొరకదు, రోజూ అదే కలిపి పంపిస్తా' అని ఆమె సిగ్గుపడిందట.

ఎదురింటి పిల్లది సర్కారు బడి. ఆ పిల్లకు బాక్సే లేదు. పిల్లలకు వండిన భోజనం బడిలోనే పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెబితే, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. పేర్లు మారుతూ వచ్చి 2024 నుంచి దానికి డొక్కా సీతమ్మ పేరుంది. వదిన ఆ పిల్లను ఆపి ఈ రోజు గుడ్డా, చిక్కీనా, రాగిజావనా అని ఆరా తీస్తుంది. 'కోనసీమలో ఆ మహాతల్లి వచ్చినోళ్లందరికీ పెట్టె. నేను ఇద్దరికి పెట్టలేకపోతాండా అబ్బీ' అని ఒక సాయంత్రం నా దగ్గర కండ్లనీళ్లు పెట్టుకుంది. నాకు నిజంగానే జాలేసింది. చిత్రాన్నమే చెయ్యి వదినా, చాలు అన్నాను.

చేసింది. అందులో బీట్‌రూట్ తురిమింది, గుమ్మడి గింజలు వేసింది, నిమ్మకాయ బదులు ఇంకేదో పిండింది. ఆ రోజు బాక్సు నిండుగా తిరిగొచ్చింది. 'అబ్బీ, ఇది నోట్లో వేసుకుని ఎట్లుందో చెప్పు' అంది.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా, బాక్సుల్లోకి కొత్త ఐడియాలు మీ దగ్గర ఎన్నయినా ఉండనీ, దయచేసి మా వదినకు మాత్రం పంపొద్దు. మిగిలింది తినేది నేనే.