జ్ఞా: సటీకా తాత్పర్యం

అవతారిక: 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్‌కి ఈ ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పడిపోయేది. ఇంత ప్రభావం గల పాదం ప్రబంధాల్లోనూ దొరకదు కనుక దీనికి వ్యాఖ్యానం అవసరమైంది.

ప్రతిపదార్థం: జ = హల్లు; ్ = పొల్లు; ఞ = ఆ పొల్లుతో కలిసి ఒత్తుగా మారునట్టి హల్లు; ఆపైన కంటికి కనపడనిది ఒకటి; ా = దీర్ఘము.

తెర మీద ఒక్కటిగా కనిపించేది లోపల అయిదన్నమాట. యూనికోడ్ దాచుకునేది ఈ వరసనే, రూపాన్ని కాదు. రూపం కట్టేది షేపింగ్ ఇంజన్. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని హార్ఫ్‌బజ్‌ది, ఆపిల్ దగ్గర కోర్ టెక్స్ట్‌ది. ఫాంటులో ఉండే పట్టికలు చూసి ఏ ఒత్తు ఎక్కడ వేలాడాలో, ఏ గుణింతం ఎవరిని పట్టుకోవాలో అదే తేల్చాలి. ఇక్కడ దీర్ఘం టైపయ్యేది చిట్టచివర. అయినా అది ఞ-ఒత్తును దాటుకుని వెనక్కి వెళ్లి జకారాన్నే అంటుకోవాలి. పండితులు దూరాన్వయమని విసుక్కునేది దీన్నే. తెలుగు ఫాంటుకి మాత్రం ఇది రోజువారీ పని.

విశేషం: ఆ కనపడనిదాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పనికిమాలినదేమీ కాదు. ‘ఫేస్‌బుక్’లో పొల్లు పొల్లుగానే నిలబడింది దాని పుణ్యమే, అది లేకుండా కొడితే సకారం కింద బ-ఒత్తు చేరి ‘ఫేస్బుక్’ అవుతుంది. దాని చోటు పొల్లు తర్వాత. ఈ పాఠంలో ఞకారానికీ దీర్ఘానికీ మధ్య ఊరికే కూర్చుంది. వెనకటి వ్యాఖ్యాతలైతే పాదపూరణమని వదిలేసి ముందుకు సాగేవారు. కోర్ టెక్స్ట్‌కి ఆ లౌక్యం లేకపోయింది. మెమరీ చెడి, యాప్ పడింది.

పాఠాంతరాలు: ఇదే పొందికతో బెంగాలీ, దేవనాగరి కూర్పులు కొన్ని కూడా ఫోన్లను పడగొట్టాయి.

తాత్పర్యం: వార్తల్లో మాత్రం ఇది ‘తెలుగు అక్షరం’ చేసిన పనిగానే ప్రచారమైంది. నేరం అక్షరానిది కాదు, దాన్ని అన్వయించలేని ప్రోగ్రాముది. అడ్డదిడ్డంగా కూర్చిన పాఠం వస్తే వికారంగా చూపించినా సరే, ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. ఆపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసిన 11.2.6తో దోషపరిహారం జరిగింది. పాత ఐఫోన్ ఇంకా 11.2.5 దగ్గరే ఆగి ఉన్నవారు ముందు అప్‌డేట్ చేసుకుని, ఆ తర్వాతే ఈ మూలాన్ని పారాయణ చేయగలరు.