ఒక క్రికెట్ టికెట్టు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకొంటున్నది 2023 అక్టోబరు 14న అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో జరిగిన భారత్, పాకిస్తాన్ ప్రపంచ కప్ మ్యాచ్ టికెట్టు. దాని ప్రస్తుత నివాసం సూరత్ నగరంలోని వరాఛా. అక్కడ ఒక తెలుగు నేత కుటుంబం రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకాలు దాచుకునే సంచిలో అదీ ఉంటుంది. దళసరి కాగితం మీద మ్యాచ్ పేరు, తేదీ, గేటు, బ్లాకు, వరుస, సీటు సంఖ్యలు, ఒక బార్‌కోడ్ ముద్రించి ఉన్నాయి. కాగితంగా దానికి విలువ లేదు. స్టేడియంలో ఒక కుర్చీ మీద ఒక రోజు హక్కు ఇవ్వడమే దాని పని. ఆ హక్కు కోసం దేశమంతటా జనం రాత్రులు మేలుకొని కూడా దక్కించుకోలేకపోయారు కాబట్టే దాని కథ చెప్పుకోవలసినది అయింది.

వరాఛా సూరత్ రైల్వే స్టేషన్‌కు తూర్పున, తాపీ నది ఒడ్డు వెంట విస్తరించిన ప్రాంతం. భావ్‌నగర్, అమ్రేలీ జిల్లాల నుంచి వచ్చిన సౌరాష్ట్ర పటేళ్లు ఇక్కడ వజ్రాలు సానపట్టే కార్ఖానాలు పెట్టారు. మినీ బజార్‌లో దళారులు రోడ్డు పక్కనే నిలబడి చిన్న కాగితపు పొట్లాలు విప్పి వజ్రాల బేరాలు చేస్తారు. వాటితోపాటు మరమగ్గాల షెడ్లూ ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు సూరత్‌లో ఎక్కువగా లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. పని ఉన్న చోటికి జరుగుతూ వరాఛా చేరిన కుటుంబాల్లో ఈ టికెట్టు ఉన్న ఇల్లు ఒకటి. అన్న మగ్గం నడుపుతాడు, తమ్ముడు వజ్రాల కార్ఖానాలో పనిచేస్తాడు. హార్దిక్ పాండ్యా పుట్టింది సూరత్ జిల్లా చౌర్యాసీలో కనుక ఆ వాడల్లో క్రికెట్ సొంతింటి విషయం. నగరంలోని లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో 2019లో భారత్, దక్షిణాఫ్రికా మహిళల టీ20లు జరిగాయి. ప్రపంచ కప్ స్థాయి మ్యాచ్ చూడాలంటే మాత్రం 260 కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్ వెళ్లాలి, లేదా ముంబయి రైలెక్కాలి.

సొంత ఊరి వైపు చూసినా లాభం లేదు. 2023 ప్రపంచ కప్‌లో హైదరాబాద్‌కు మూడు మ్యాచ్‌లు దక్కాయి గానీ వాటిలో భారత్ ఆడేది ఒక్కటీ లేదు. విశాఖపట్నానికి అసలు మ్యాచే ఇవ్వలేదు. తెలుగువారు స్వదేశంలో ప్రపంచ కప్‌లో భారత్ ఆట చూడాలంటే పరాయి ఊరి టికెట్టు మీదే ఆధారపడవలసి వచ్చింది.

టికెట్టు కాగితం మీదికి రాకముందే దాని వల్ల కలిగే ఖర్చులు మొదలయ్యాయి. టోర్నీ షెడ్యూలు జూన్ 27న వెలువడింది. అక్టోబరు 5న మొదటి మ్యాచ్. అంటే సరిగ్గా వంద రోజుల ముందు. భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌ను మొదట అక్టోబరు 15కు పెట్టారు. అది తెలియగానే అహ్మదాబాద్ హోటళ్ల అద్దెలు చుక్కలనంటాయి. గది దొరకనివారు ఆరోగ్య పరీక్షల పేరుతో ఆసుపత్రుల్లో పడకలు అడుగుతున్నారని పత్రికలు రాశాయి. ఆగస్టు 9న తేదీ మారింది. నవరాత్రి మొదలయ్యే రోజున అంత పెద్ద మ్యాచ్‌కు భద్రత కల్పించడం కష్టం కనుక ఒక రోజు ముందుకు, 14కు జరిపారు. రైలు, విమానం, గది ముందే తీసుకున్నవారు అన్నీ మార్చుకోవలసి వచ్చింది. అప్పటికి వారి చేతిలో టికెట్టు లేదు, అమ్మకమూ మొదలుకాలేదు. ఇంగ్లండ్‌లో జరిగిన 2019 ప్రపంచ కప్‌కు మొదటి మ్యాచ్ మే 30న ఉండగా, అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే లాటరీ పద్ధతిలో దరఖాస్తులు తీసుకున్నారు. ఇక్కడ అభిమానికి మిగిలిన వ్యవధి రెండు నెలలైనా లేదు.

అమ్మకం విడతలుగా సాగింది. అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) వాణిజ్య భాగస్వామి అయిన మాస్టర్‌కార్డ్ ఉన్నవారికి భారత్ మ్యాచ్‌ల టికెట్లు ఆగస్టు 29న ముందుగా ఇచ్చారు. అహ్మదాబాద్‌లో భారత్ ఆడే మ్యాచ్‌కు సాధారణ అమ్మకం సెప్టెంబరు 3 రాత్రి 8 గంటలకు. వరాఛా కార్మికుడి జేబులో ఉండేది చాలావరకు రూపే కార్డు. కాబట్టి మొదటి తలుపు అతని ముందు తెరుచుకోలేదు. రెండో తలుపు తెరిచిన వేళ మరమగ్గాల షెడ్లలో రాత్రి షిఫ్టు నడుస్తూ ఉంటుంది. వజ్రాల పనిలో కూలీ రాయి లెక్కన, మగ్గం పనిలో మీటర్ల లెక్కన. చేయి ఆగితే కూలీ ఆగుతుంది.

ఇంటర్నెట్‌లో వరుస ఎలా నడుస్తుందో ఈ టికెట్టు లోపలి నుంచి ఎరుగును. కొనేవారు అందరూ ఒక్క నిమిషంలో మీద పడితే సర్వర్లు తట్టుకోలేవు కనుక వచ్చినవారిని ముందు ఒక వెయిటింగ్ పేజీలో నిలబెడతారు. అక్కడి నుంచి కొద్దిమంది చొప్పున లోపలికి వదులుతారు. లోపలికి వెళ్లినవారు సీటు ఎంచుకోగానే అది కొన్ని నిమిషాలపాటు వారి పేరున ఆగుతుంది. ఆ సమయంలో ఇతరులకు అది అమ్ముడుపోయినట్టే కనిపిస్తుంది. బ్యాంకు ఓటీపీ ఆలస్యమైనా, చెల్లింపు విఫలమైనా ఆ సీటు మళ్లీ బయటికి వస్తుంది. అందుకే ఒక ఫోన్‌లో అయిపోయిందన్న టికెట్టు మరో ఫోన్‌లో క్షణంపాటు మెరిసి మాయమవుతుంది. ఆ రాత్రి వరాఛా ఇంట్లో తమ్ముడు ఫోన్ పట్టుకొని, "అన్నా, నీ దాంట్ల ఎంత చూపిస్తున్నది?" అని అడిగినప్పుడు అన్న ఫోన్‌లో గంటల లెక్కన నిరీక్షణ సమయం కనబడింది. తెల్లవారేసరికి అమ్మకం ముగిసింది. ఇద్దరికీ ఏమీ దొరకలేదు. దేశమంతటా ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. సెప్టెంబరు 6న భారత క్రికెట్ బోర్డు మరో 4 లక్షల టికెట్లు విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది, కానీ అవి టోర్నీ మొత్తానికి. చివరికి మ్యాచ్‌కు వారం ముందు, అక్టోబరు 7న ఈ ఒక్క పోటీకే 14,000 టికెట్లు వదులుతున్నామని ప్రకటించి, మరునాడు మధ్యాహ్నం అమ్మకం తెరిచారు. ఈ టికెట్టు ఆ 14,000లో ఒకటి. అక్టోబరు 8 ఆదివారం. తమ్ముడికి సెలవు కనుక అతని చేతికి వచ్చింది.

ఇక్కడ ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. 1,32,000 మంది పట్టే, ప్రపంచంలోకెల్లా పెద్దదైన క్రికెట్ స్టేడియంలో సెప్టెంబరు 3న లేని సీట్లు అక్టోబరు 8న ఎక్కడి నుంచి వచ్చాయి? స్టేడియంలోని ప్రతి కుర్చీ ప్రజలకు అమ్మేది కాదు. కార్పొరేట్ బాక్సులు, ప్రాయోజకుల వాటా, ఐసీసీ అతిథులు, బోర్డు, రాష్ట్ర సంఘం, దాని అనుబంధ క్లబ్బులు, ప్రభుత్వ శాఖలు, ఆటగాళ్ల కుటుంబాలు, భద్రత కోసం ఖాళీగా ఉంచే వరుసలు అన్నీ పోగా మిగిలినవి అమ్మకానికి వస్తాయి. వాటాదారులు వాడుకోనివి చివరి రోజుల్లో తిరిగి వస్తాయి. ఈ పద్ధతి ఉండటంలో తప్పు లేదు. ఎన్ని సీట్లు ఎవరి వాటాకు పోయాయో, ప్రజలకు ఎన్ని మిగిలాయో ముందుగా చెప్పకపోవడమే తప్పు. వెయ్యి టికెట్లకు పోటీ పడుతున్నామా, లక్షకా అన్నది తెలియకుండానే మనిషి తన రాత్రినీ రోజు కూలీనీ పందెం కాస్తున్నాడు.

ఉచిత పాసుల మీద తగువు ఎంత దూరం పోగలదో విశాఖవాసులకు బాగా తెలుసు. బోర్డు 2018 నాటి కొత్త నిబంధనావళి ప్రకారం 90 శాతం టికెట్లు ప్రజలకు అమ్మి, ఉచిత పాసులను 10 శాతానికి పరిమితం చేయవలసి ఉండింది. ఆ పది శాతంలో ఎవరి పాలు ఎంత అన్నదానిపై ఆ ఏడాది మధ్యప్రదేశ్ క్రికెట్ సంఘానికీ బోర్డుకూ ఒప్పందం కుదరలేదు. దాంతో ఇండోర్‌లో జరగవలసిన భారత్, వెస్టిండీస్ వన్డే విశాఖపట్నానికి తరలింది. అక్టోబరు 24న విరాట్ కోహ్లీ 157 పరుగులతో అజేయంగా నిలిచి వన్డేల్లో 10,000 మైలురాయి దాటిన మ్యాచ్ అదే. ఫలితం టై. ఇండోర్ ప్రేక్షకులు పోగొట్టుకున్నది అంతటి ఆటను. పాసుల పంపకంలో వారికి ఏ పాత్రా లేదు.

కౌంటర్ల దగ్గర అమ్మితే మేలు అనుకోవడానికీ లేదు. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో, ఉప్పల్‌లో జరగబోయే భారత్, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం తెల్లవారుజాము నుంచే వేలమంది చేరారు. తొక్కిసలాట జరిగింది, పోలీసులు లాఠీలు ఝళిపించారు, పలువురు గాయపడ్డారు. టికెట్టు చేతికి వచ్చినా భరోసా లేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు 29న హైదరాబాద్‌లో పాకిస్తాన్, న్యూజిలాండ్ సన్నాహక మ్యాచ్ ప్రేక్షకులు లేకుండానే సాగింది. పండుగల బందోబస్తులో ఉన్న పోలీసులు భద్రత ఇవ్వలేమనడంతో టికెట్లు కొన్నవారికి డబ్బు వాపసు చేశారు. ఇక అక్టోబరు 5న అహ్మదాబాద్‌లోనే ఇంగ్లండ్, న్యూజిలాండ్ ఆరంభ పోరు మొదలైనప్పుడు స్టాండ్లలో చాలా కుర్చీలు ఖాళీగా కనిపించాయి. టికెట్లు దొరకనివారు అది టీవీలో చూశారు.

కొన్నంతమాత్రాన పని అయిపోలేదు. పెద్ద స్టేడియాల్లో ఈ-టికెట్లు కుదరవని బోర్డు నిర్ణయించింది కనుక ఫోన్‌లోని రసీదును కాగితంగా మార్చుకోవాలి. ఈ టికెట్టు ముద్రణ పొంది కౌంటరు చేరేనాటికి అక్కడ పొడవైన వరుస ఉంది. వరాఛా నుంచి వెళ్లిన తమ్ముడు గుర్తింపు కార్డు, రసీదు చూపి దాన్ని తీసుకొని, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ జాగ్రత్త అవసరమే. నకిలీ టికెట్లు ముద్రించి అమ్మిన కేసులో ఆ రోజుల్లోనే అహ్మదాబాద్ పోలీసులు కొందరిని పట్టుకున్నారు. పునర్విక్రయ వెబ్‌సైట్లలో ఒక్కో సీటుకు లక్షల రూపాయలు అడిగారు. నవంబరులో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ మ్యాచ్ టికెట్ల బ్లాక్ అమ్మకాలపై అక్కడి పోలీసులు కేసులు పెట్టి విచారణ చేశారు.

ప్రయాణం విషయంలో మాత్రం ఏర్పాట్లు బాగున్నాయి. పశ్చిమ రైల్వే ముంబయి, అహ్మదాబాద్ మధ్య ప్రత్యేక రైళ్లు వేసింది. స్టేడియం ఉన్న మోటేరాకు వెళ్లే మెట్రో రాత్రి పొద్దుపోయేదాకా నడిచింది. గేటు దగ్గర బార్‌కోడ్ చదివించుకొని, ఒక అంచు చింపించుకొని ఈ టికెట్టు లోపలికి వెళ్లింది. పాకిస్తాన్ 191 పరుగులకే ఆలౌటైంది. రోహిత్ శర్మ 86 కొట్టాడు. భారత్ 30.3 ఓవర్లలో ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. జస్ప్రీత్ బుమ్రాకు మ్యాచ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది. అంత త్వరగా ముగిసినా తమ్ముడికి లోటు అనిపించలేదు. అన్న ఆ సాయంత్రం షెడ్డులో, మగ్గాల చప్పుడు మధ్య ఫోన్‌లో చూశాడు.

ఇతర దేశాలు ఈ చిక్కును కొంతవరకు విప్పాయి. వింబుల్డన్‌లో 1924 నుంచి ప్రజల కోసం లాటరీ ఉంది. నెట్ వేగం, ఖాళీ సమయం, కార్డు రకం అక్కడ పనికిరావు, దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ సమాన అవకాశం. 2019 ప్రపంచ కప్‌లో వెళ్లలేనివారు టికెట్టును అసలు ధరకే తిరిగి అమ్ముకునే అధికారిక వేదిక నడిపారు. జపాన్‌లో అసలు ధరను మించి టికెట్లు వ్యాపారంగా అమ్మడాన్ని నిషేధించే చట్టం 2019 జూన్‌లో అమలులోకి వచ్చింది. షిఫ్టుల్లో పనిచేసే వరాఛా మనిషికి వీటిలో అన్నిటికన్నా మేలు చేసేది లాటరీయే. ఎందుకంటే దరఖాస్తుకు వారం గడువు ఉంటే రాత్రి షిఫ్టులో ఉన్నవాడూ పగటి షిఫ్టులో ఉన్నవాడూ ఒక్కటే.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి. నిర్వాహకులు అమ్మకం తెరవడానికి ముందే ప్రతి పోటీకీ ప్రజలకు కేటాయించిన సీట్ల సంఖ్యను ప్రకటించాలి. టికెట్లను లాటరీ ద్వారా ఇవ్వాలి. అక్కరలేనివారి నుంచి అసలు ధరకే వెనక్కి తీసుకొని మళ్లీ అమ్మాలి. వరాఛాలోని ఈ టికెట్టు వారిని కోరేది ఇదే.