ఇట్లు, మీ విధేయుడు: ఒక ఈమెయిల్ సంతకానికి టీకా తాత్పర్యం

అవతారిక. ఎడ్లపాడు శివార్లలో, చెన్నై–కోల్‌కతా హైవేని ఆనుకుని ఉన్న ఒక నూలు మిల్లు నుంచి కోయంబత్తూరు వ్యాపారికి ఈమెయిల్ వెళ్లిందనుకుందాం. విషయం ఒక్క వాక్యమే: శాంపిల్ కోన్లు కొరియర్‌లో పంపాం, అందగానే చెప్పండి. దాని కింద సంతకం 13 వరుసలు. వాక్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. సంతకానికి లేకపోతే కుదరదు.

మూలం. "ఇట్లు, మీ విధేయుడు, ఫలానా, ఎం.కాం., మార్కెటింగ్ మేనేజరు, ఫలానా మిల్స్, నేషనల్ హైవే 5 పక్కన, ఎడ్లపాడు, గుంటూరు జిల్లా. సెల్ నంబర్లు మూడు, ఫ్యాక్స్ ఒకటి. నా ఐఫోన్ నుంచి పంపబడినది. ఇది రహస్య సందేశం, పొరపాటున మీకు చేరితే చదవరాదు."

టీక. ఇట్లు = ఈ విధముగా. మీ విధేయుడు = మీ మాట జవదాటనివాడు; రేటు దగ్గర తప్ప అని అధ్యాహారం. ఎం.కాం. = బిరుదు. ఫ్యాక్స్ = ఎవరూ ఎత్తని ఫోను.

నేషనల్ హైవే 5 దగ్గర కాస్త ఆగాలి. 2010లో జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు ఈ రోడ్డు 16 అయింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడి, ఎడ్లపాడు అందులోకి వెళ్లింది. ఊరూ కదల్లేదు, రోడ్డూ కదల్లేదు, చిరునామా మాత్రం రెండుచోట్ల మారింది. సంతకానికి ఆ కబురు అందలేదు. దీన్ని గతజిల్లా దోషం అనవచ్చు. శంక: జనం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు కదా? సమాధానం: వాడనివ్వండి. నోటిమాటలో తేడా వస్తే సరిదిద్దడానికి రోడ్డు పక్కన టీకొట్టు ఉంది, ఈమెయిల్‌కి లేదు.

మూడు సెల్ నంబర్లలో ఏది మోగుతుందో మూలకర్తకే తెలియాలి. అదృష్టవశాత్తూ ఈయన వాటిని అక్షరాల్లోనే టైపు చేశాడు. కొందరు విజిటింగ్ కార్డు ఫొటో తీసి అతికిస్తారు. నంబరు మీద వేలు పెడితే ఫోను కలవాల్సింది పోయి, కార్డు బొమ్మ పెద్దదవుతుంది. పాపం అవతలివాడు పెన్ను వెతుక్కుని అట్టముక్క మీద రాసుకోవాలి.

"నా ఐఫోన్ నుంచి పంపబడినది" ప్రక్షిప్తం. కవి రాయలేదు, కంపెనీ చేర్చింది. సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయవచ్చు, పరిష్కర్తలు పూనుకోవాలి.

పునరుక్తి మరో సంగతి. జవాబుకి జవాబుగా ఈయన ఆరుసార్లు రాస్తే ఒక్క ఈయన సంతకమే 78 వరుసలు. ఇది ముందే ఊహించిన లక్షణకారులు లేకపోలేదు. 1995 అక్టోబరులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రం, సంతకం నాలుగు వరుసలు దాటకూడదంది. అప్పట్లో చాలామంది కనెక్షన్‌కి నిమిషాల లెక్కన డబ్బు కట్టేవారు. రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ పెట్టి దాని కింద సంతకం రాసే పద్ధతీ ఉంది. ఆ గీతలు చూసి థండర్‌బర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ జవాబులో పాత సంతకాన్ని వదిలేస్తుంది.

విశేషం. సంతకం ఎలా పెట్టాలో ఈ మండలం ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. కొండవీడు ఎడ్లపాడు మండలంలోదే. అక్కడి రాజు పెదకోమటి వేమారెడ్డి కొలువులో ఉన్న కవి శ్రీనాథుడు, 1409 నాటి ఫిరంగిపురం శాసనం రచించి, చివర తన పేరు, విద్యాధికారి అన్న హోదా, ఏలిక పేరు చెప్పుకున్నాడు. పేరు, ఉద్యోగం, సంస్థ. కావ్యాల్లో ఆశ్వాసాంత గద్యలకి బిరుదులూ తండ్రి పేరూ తగిలించే కవికులానికి ఇది చాలా పొదుపు.

రహస్య హెచ్చరికకీ మూలం శాసనాల్లోనే కనిపిస్తుంది. దానమిచ్చిన భూమిని అపహరిస్తే 60 వేల ఏళ్లు పురుగై పుడతాడని దానశాసనాల చివర శాపం చెక్కేవారు. దానికి కాపాడాల్సిన భూమి ఉంది, శిక్షకి గడువూ ఉంది. ఇక్కడ కాపాడాల్సింది కొరియర్‌లో వెళ్లిన నాలుగు కోన్లు. పైగా చదవరాదన్న మాట అంతా చదివాక కనిపిస్తుంది.

పాఠాంతరం. మొదటి వరుసలో పేరు, హోదా. రెండో వరుసలో మిల్లు. మూడో వరుసలో ఎడ్లపాడు, పల్నాడు జిల్లా. నాలుగో వరుసలో ఎత్తే నంబరు ఒక్కటి, ముందు ప్లస్ 91తో. ఎం.కాం. వదులుకోవడం మనసొప్పకపోతే మొదటి వరుసలో చోటుంది.