ప్లేట్లాయన

పాత గ్రామఫోను ప్లేట్లు పోగేసే పెద్దమనిషికి పాటంటే ప్రాణమని లోకం అనుకుంటుంది. ఆయనా అలాగే అనుకుంటాడు. పాట విందామని వెళ్లినవాళ్లకి మాత్రం కాఫీ చల్లారేలోపే అసలు సంగతి తెలిసిపోతుంది. ముందు ప్లేటు కాగితం కవర్లోంచి బయటికొస్తుంది. ఆయన వేళ్లు అంచునీ లేబుల్నీ తప్ప ఇంకెక్కడా తాకవు. కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టి గీతలు చూస్తాడు. ఆ తర్వాత లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి జాగాలో రికార్డింగు గుర్తుగా చెక్కిన మాట్రిక్స్ నంబరు భూతద్దంతో చదివి, "ఇది రెండో టేకండీ. బజార్లో దొరికేవన్నీ మొదటివే" అంటాడు. ఎవరు పాడారండీ అని అడిగితే, "లేబుల్ మీదుంది చూడండి" అని ప్లేటు మళ్లీ కవర్లో పెట్టేస్తాడు. ఈ ప్లేట్లాయన సంగీతప్రియుడు కాడన్నది నా వాదన. కాకపోవడమే సంగీతానికి కలిసొచ్చిందన్నది అందులో రెండో సగం.

వినకపోవడానికి ఆయన దగ్గర గట్టి కారణమే ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటులో లక్క పాలు తక్కువ, రాతిపొడి ఎక్కువ, పైగా కాస్త మసి. ఆ పొడి ఊరికే కలిపింది కాదు. ఉక్కు ముల్లు మొదటి కొద్ది చుట్లలోనే అరిగి గాడిలో ఒదిగిపోవాలంటే గాడికి గరుకుదనం ఉండాలి. అందుకే ఒక వైపు పాడించాక ముల్లు మార్చాలి. ముళ్లు రెండొందలేసి డబ్బీల్లో అమ్మిందీ అందుకే. మార్చకపోతే అరిగిన ముల్లు గాడినే చెక్కేస్తుంది. మార్చినా, వంద గ్రాములకు పైబడిన సౌండ్‌బాక్సు బరువంతా ఆ మొన మీద పడి మూడు నిమిషాలు నడిస్తే ప్లేటు ఎంతోకొంత అరగక మానదు. కాబట్టి విన్నప్పుడల్లా ఆస్తి తరుగుతుంది. పద్యానికి వన్స్‌మోర్ కొట్టి పెరిగిన జాతి మనది. ప్లేట్లాయన ఇంట్లో ఎవరైనా "ఇంకోసారండీ" అన్నారా, ఆయన బీరువా తాళంచెవి వెతుక్కుంటాడు. ఇక యంత్రం దగ్గరికొస్తే, పాత బజార్లలో మెరిసిపోయే ఇత్తడి గొట్టాల గ్రామఫోన్లంటే ఆయనకి ఒళ్లుమంట. ఎక్కడిదో పోర్టబుల్ మోటారుకి కొత్త చెక్కపెట్టె, కొత్త గొట్టం తగిలించి కుక్కబొమ్మ అతికించిన సరుకది. ఆయనది మాత్రం మూత మూస్తే చేత పట్టుకుపోగలిగే అసలైన హెచ్ఎంవి 102. స్ప్రింగుకి గ్రీజు పెట్టి, గవర్నరుకి చుక్క నూనె వేసి, కీ ఇచ్చి, ప్లేటు లేకుండానే తిప్పి చూసుకుంటాడు. ఉత్త పళ్లెం నిశ్శబ్దంగా, సమంగా తిరుగుతుంటే ఆయన కళ్లలో కనిపించే తృప్తి ఏ గాయకుడికీ దక్కలేదు.

ఆయన రుచి కూడా విచిత్రంగానే ఉంటుంది. ఘంటసాల పాడిన పుష్పవిలాపం ఎంత మంది కొన్నారో, ఎన్ని ఇళ్లలో మోగిందో చెప్పక్కర్లేదు. ప్లేట్లాయన దాన్ని చూసి పెదవి విరుస్తాడు, కారణం అదే: అందరి దగ్గరా ఉంది కదా! పేరు మోయని నటుడు పాడగా కంపెనీవాళ్లు కొద్ది కాపీలే అచ్చేసిన పద్యం దొరికితే మాత్రం పండగ. ఆయన లెక్కలో పాటకి విలువ దాన్ని మెచ్చనివారి సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఇందులో ఇంకో తమాషా ఉంది. జనం ప్రేమించిన ప్లేటు ముల్లు దెబ్బలకి తెల్లబారి, గరగరమంటూ చేతికొస్తుంది. ఎవరూ ప్రేమించనిది అద్దంలా నల్లగా, కొత్తగా మిగులుతుంది. శుభ్రమైన ప్లేట్లనే ఏరి పెట్టుకునేవాడి బీరువాలో అందుకే తాతల కాలం అభిరుచి కాదు, తాతలు ఒకసారి విని పక్కన పడేసినవే ఎక్కువ ఉంటాయి. నవ్వొచ్చే విషయమే, కానీ అంగట్లో ఓడిపోయిన ఆ గొంతులకి ఇంకెక్కడా చోటు లేదన్నదీ నిజమే.

పాట వినే చెవి లేనివాడు శ్రుతి గురించి గంటల తరబడి ఎలా వాదిస్తాడని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1902లో రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసిన రోజుల్లో 78 అన్నది అందరూ పాటించిన నియమం కాదు. 72కి తీసినవీ ఉన్నాయి, 80 దాటినవీ ఉన్నాయి. 72కి తీసిన ప్లేటుని 78కి తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానం దాటి పైకి జరుగుతుంది, గాయకుడి వయసు నాలుగేళ్లు తగ్గుతుంది. ప్లేట్లాయన చేత్తో వేగం మీట జరుపుతూ, చిటికెలో కాగితం ముక్క ప్లేటు అంచున గుర్తుగా పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెడతాడు. ఆ లెక్క తేలేసరికి పాట అయిపోతుంది. ఏ రాగమండీ అంటే ఆయన ఉలిక్కిపడతాడు. ఆయన విన్నది వేగాన్ని. నాకు దాని మీద చిన్నచూపు లేదు: రంగస్థల నటులు స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి అసలు ఏ శ్రుతిలో పాడేవారో తెలియాలంటే రాగాలాపనలో కళ్లు మూసుకున్నవాడు పనికిరాడు. గడియారం చూసేవాడు కావాలి.

ఇంకో ఆక్షేపణ బలమైంది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేలకు వేల 78లు కూడబెట్టారు, వాటిని మనసారా విన్నారు, వాటి గురించి పత్రికల్లో రాశారు. ఆయన్ని ఏ లెక్కలో వేస్తారు? మినహాయింపులో. పరమ రసికుడు, పరమ సేకర్త ఒకే మనిషిలో ఉండటం అరుదు కాబట్టే ఆయన పేరు మనకి తెలుసు. ఉత్త సంగీతప్రియుడు ఏం చేశాడో చరిత్రలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో లక్క కరువైనప్పుడు అమెరికాలో పాత ప్లేట్లు తిరిగిచ్చి కొత్తవి కొనుక్కున్నారు, కంపెనీలు ఆ పాతవాటిని కరిగించి కొత్తవి పోశాయి. పాట మీది ప్రేమే ఆ పాత పాటల్ని కరిగించిందన్నమాట. మనవాళ్లూ తక్కువేం తినలేదు. ఎల్పీ రాగానే 78లు అటకెక్కాయి, క్యాసెట్టు రాగానే అటక దిగి పాతసామాన్లవాడి బండెక్కాయి. పాట ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంటే ఈ నల్ల పళ్లాలు ఎందుకన్నవారికీ జవాబు ఇక్కడే ఉంది: ఫోన్లోకి ఎక్కిన పాట ఏదో ఒక ప్లేటు మీంచే ఎక్కింది, ఆ ప్లేటు ఏ బండీ ఎక్కకుండా ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. ముంబైలో 1990లో మొదలైన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ లాంటి సంఘాలు అచ్చువేసిన నంబర్ల జాబితాలు చూస్తే మామూలు పాఠకుడికి నిద్ర ముంచుకొస్తుంది. ఏ గొంతు ఏ ఏడు ఎక్కడ రికార్డయిందో తేల్చాలంటే ఆ జాబితాలే దిక్కు.

ఇంట్లోవాళ్ల కష్టం వేరే. లక్కయింట్లో కాపురం పాండవులకి కొన్నాళ్లే. ప్లేట్లాయన భార్యకి పెళ్లయినప్పటి నుంచీ అదే. ఎండాకాలం ప్లేట్లు వంగిపోతాయని ఫ్యాను ఆ గదికే, స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరుగుతుందని పనిమనిషికి ఆ గదిలోకి ప్రవేశం లేదు, జారితే ముక్కలే కాబట్టి మనవలకి అసలే లేదు. "ఏవండీ, నా లక్క గాజులూ ఆ పురుగు పెట్టిన లక్కేగా, వాటికి ఒక అరైనా ఇచ్చారా?" అని ఆవిడ అడగడం న్యాయమే. తర్వాత ఇవన్నీ ఎవరికి అన్న మాట కూడా ఆవిడే ఎత్తుతుంది. పది అంగుళాల ప్లేటు సుమారు 200 గ్రాములు, విమానంలో పెట్టె 23 కిలోలు, అంటే పెట్టెకి వందకి కాస్త పైన. రెండు పెట్టెలు తెచ్చుకుంటానని అమెరికా నుంచి కొడుకు ముచ్చటపడతాడు, మంచి టర్న్‌టేబులు కూడా కొన్నానంటాడు. ప్లేట్లాయన తల అడ్డంగా ఊపుతాడు. "వాడికిస్తే వింటాడే!"