బోరెంత? స్టాండెంత?

మాది కడప అని చెప్పగానే హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చే ఆసామి కళ్లలో ఓ సుమో గాల్లోకి లేస్తుంది. సీమలో పిల్లలు పలక కన్నా ముందు తుపాకీ పడతారని, సినిమాల పుణ్యమా అని, లోకం గట్టిగా నమ్మింది. తీరా చూస్తే మా ఊళ్లో తుపాకీ శాస్త్రమంతా నాలుగు పేర్లే: త్రీనాట్‌త్రీ, ఎస్సెల్లార్, ఏకే ఫార్టీసెవెన్, పన్నెండు బోరు. వాటి అంకెలు దేన్ని కొలుస్తాయో ఎవరికీ పట్టదు. పట్టించుకుంటే మతిపోతుంది.

త్రీనాట్‌త్రీలో .303 అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో. ఎస్సెల్లార్ 7.62 కూడా వెడల్పే, కాకపోతే మిల్లీమీటర్లు. ఏకే పక్కన 47 వెడల్పూ కాదు, పొడవూ కాదు, 1947వ సంవత్సరం. ఇక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్క గుండు పట్టేంత గొట్టం పన్నెండు బోరు. అంటే అంకె పెరిగేకొద్దీ తుపాకీ చిక్కిపోతుంది! ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా తన లైసెన్సు తుపాకీని తువ్వాల్లో చుట్టి, స్టేషన్లో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకునే మా మామకు ఇదంతా వివరించబోయాను.

"పన్నెండు బోర్లేసినా నీళ్లు పడని సేను నాది. నాకా సెప్తాండావు అల్లుడూ, బోర్ల లెక్క?" అన్నాడు.

బ్రిటిషువాళ్ల పద్ధతి మరీ అన్యాయం. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 అని ఓ రైఫిల్ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో త్వరగా తయారుచెయ్యాలని కొన్ని భాగాలు తీసేసి, పేరు పక్కన నక్షత్రం పెట్టారు. హోటలుకు నక్షత్రం పెడితే ఈతకొలను వస్తుంది. తుపాకీకి పెడితే ఉన్నదీ పోయింది.

మెషిన్‌గన్నును సినిమా హీరో ఒంటిచేత్తో ఎత్తి కాలుస్తాడు. అసలు విక్కర్స్ గన్ను సుమారు 15 కిలోలు, దాన్ని నిలబెట్టే ముక్కాలి స్టాండు 22 కిలోల పైమాటే. ఒకడు కాలుస్తుంటే జట్టులో మిగతావాళ్లది మోత పనే. గొట్టం కాలిపోకుండా చుట్టూ 4 లీటర్ల నీళ్లు కూడా పొయ్యాలి. దీన్ని తయారుచేసినవాడు మే నెలలో మా జిల్లా మొహం చూసి ఉండడు.

ఆయుధాల గడ్డ అనే పేరు మాకు రావాలంటే గండికోట వల్ల రావాలి. 1652లో అక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ కథ రాసిపెట్టాడు. కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 20 ఫిరంగులు పోతపోయించాలనుకున్నాడు. పది 48 పౌన్లవి, పది 24 పౌన్లవి. కంగారు పడకండి, అది ఫిరంగి బరువు కాదు, గుండు బరువు. పని ఒప్పుకున్నవాడు మాయ్యే అనే ఇంకో ఫ్రెంచివాడు. గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించి కొలిమిలో వేశారు. మిగతావి కరిగాయి. గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ససేమిరా అన్నాయి. పూజారులు మంత్రం వేశారని ఫిర్యాదు. చివరికి ఒక ఫిరంగి పగిలింది, ఇంకోటి సగంలో ఆగింది, ఒక్కటీ పూర్తి కాలేదు. మాయ్యే పని వదిలేసి తన దారి చూసుకున్నాడు. పౌన్ల లెక్క మాత్రం పక్కాగా మిగిలింది.

ఇప్పుడు కర్నూలు వంతు. 2025 ఏప్రిల్‌లో డీఆర్డీవో వాళ్లు అక్కడి పరీక్షా క్షేత్రంలో డ్రోన్లను లేజరుతో కూల్చారు. ఆయుధం పేరు మార్క్-2(ఏ). బండి మీదే బిగించారు కాబట్టి ముక్కాలి స్టాండు మోసే బాధ లేదు. అంగుళాల్లేవు, పౌన్లు లేవు, గుండే లేదు. చెప్పుకునే అంకె 30 కిలోవాట్లు. పేపరు చదివి వినిపిస్తే మామ కళ్లు మూసుకుని లెక్కేశాడు.

"అంటే నలభై హెచ్‌పీ మోటరు. దానికన్నా పగటిపూట కరెంటు ఇస్తాండారా, లేకుంటే వాళ్లూ నడిరాత్రి లేసిపోయి స్టార్టరు ఒత్తాల్నా?"